వంచుటయా, ఊతనిచ్చుటయా?

“మొక్కై వంగనిది మ్రానై వంగునా” యను సామెతను మన పెద్దలు బడిపిల్లల విషయమున తఱచుగా వాడుచుందురు. సామెత మంచిదే. కాని దానిని వాడరాని పిల్లలు కొందఱు గలరు. ఆటిజముగలవారు, చదువుటయు వ్రాయుటయు మిక్కిలి కష్టమగు డిస్లెక్సియాగలవారు, మనస్సు నొకచోట నిలుపలేని ఏ.డి.హెచ్.డి. గలవారు అట్టివారు. వీరి మెదడు పుట్టుకనుండియే వేఱొక రీతిగా పనిచేయును. అది మొండితనము గాదు, పెంపకపు లోపము గాదు. వీరికి చేయు సహాయము వీరిని వంచుటకు గాక, వీరు వీరుగనే నిలుచుటకు ఊతగా నుండవలెనని మా యభిప్రాయము.

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలనుగూర్చి వ్రాసిన వ్యాసముతో ఆటిజము వైద్యలోకమునకు స్పష్టముగా తెలియవచ్చెను. పిమ్మట కొన్ని దశాబ్దములవఱకు, తల్లిప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డ యిట్లయ్యెనని పండితులే చెప్పుచువచ్చిరి. ఆ మాట తప్పని తేలి యేండ్లు గడచినను, మన వాడలలో తల్లి యింకను నిందితురాలే. కడుపుతో నుండగా గ్రహణమును చూచినదందురు. సెల్‌ఫోను చేతికిచ్చి చెడగొట్టినదందురు. భర్త గల్ఫు దేశమున నుండగా, ఇంట బీడీలు చుట్టుచు బిడ్డను సాకు ఇల్లాలు ఈ మాటలన్నియు పడవలసివచ్చుచున్నది. అట్టి యింటికి వచ్చు సహాయము మొదట ఆమె తలపైనుండి యీ నిందను దింపవలెను. దూరదేశమున నున్న తండ్రియు “వాడు మాటలాడినాడా?” యని వారము వారము ఫోనులో అడుగుటకు మాఱుగా, “వాడు తనకు కావలసినదానిని ఎట్లు తెలుపుచున్నాడు?” అని యడుగ నేర్వవలెను. ఈ రెండవ ప్రశ్నకు తల్లియొద్ద ఎన్నో జవాబులుండును.

నింద యెంత బరువో మన జిల్లాకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ గారు కుష్ఠురోగులకు ఆశ్రయము నేర్పఱచినపుడు ఆమె పోరాడినది రోగముతో మాత్రమే కాదు, రోగిని వెలివేయు తలపుతోను గూడ. అయినను ఈ పోలికను సగము దూరమే తీసికొనిపోవలెను. కుష్ఠు రోగము, దానికి మందు గలదు. ఆటిజము రోగము గాదు, దానిని పోగొట్టు మందు లేదు. ఆఱు నెలలలో నయముచేసెదమని రుసుము గోరువారిని నమ్మవలదని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పుచున్నాము. ఏ.డి.హెచ్.డి. గలవారిలో కొందఱికి వైద్యుడిచ్చు మందు మేలు చేయును. అది వేఱు మాట.

మఱి మంచి శిక్షణ యెట్టిది? ఎదుటివాని కన్నులలోనికి చూడుమని బలవంతపెట్టుట, సంతోషమున చేతులాడించు బిడ్డను అదలించి మాన్పించుట చికిత్స గాదు. అది బిడ్డకు వేషము వేయుట. ఆ వేషమును పగలంతయు మోసిన బిడ్డ యింటికి వచ్చి యేడ్చును. ఎందుకో యెవరికిని తెలియదు. చెవినొప్పిని, ఆకలిని మాటతోనో బొమ్మతోనో తెలుప నేర్పుట చికిత్స. తల బాదుకొను బిడ్డ చేయి పట్టుకొనుట చాలదు, బాధ యెక్కడనో వెదకవలెను. 2015లో చక్కెర కర్మాగారము మూతపడినను చెరకు పని నెఱిగిన బోధను రైతు నడుగుడు. ఎత్తుగా పెరిగిన చెరకు గాలికి ఒఱగకుండ నాలుగు గడలను చేర్చి వాని యాకులతోనే జడచుట్టు కట్టుదురు. ఆ కట్టు గడను పొట్టిచేయదు, దాని తీపిని మార్చదు. ఇల్లు బిడ్డకు అట్లుండవలెను.

పెద్దవారైన పిమ్మట ఈ స్వభావము పోవునని తలంపరాదు. పెండ్లిండ్ల సందడి నోర్వలేక మూలకు పోవు భర్తను అభిమానము లేనివాడని భార్య తలంచును. ఆమె సూచనగా నన్న మాట అతనికి తెలియదు. 2012లో డేమియన్ మిల్టన్ అను బ్రిటిషు పండితుడు, తానును ఆటిజముగలవాడే, ఈ యపార్థము ఇరువైపులదని వాదించెను. ఆ వాదము మాకు న్యాయముగా తోచుచున్నది. కావున సలహాదారుడు అతని నొక్కనిని దిద్దబూనక, ఇద్దఱను కూర్చుండబెట్టి కోరికలను తేటమాటలలో చెప్పుకొన నేర్పవలెను.

ఇక పాఠశాల సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. ఆటిజము, చదువుసంబంధమైన ప్రత్యేక వైకల్యములు వానిలో నున్నవి. ప్రభుత్వ గుర్తింపుగల బడులు ఇట్టి పిల్లలను త్వరగా కనుగొని తగిన యేర్పాట్లు చేయవలెనని అందు గలదు. మేధోవైకల్యముగలవారికై 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ సికింద్రాబాదులో నున్నది. కాని యచ్చటికి పోయి వచ్చుటకు బీడీకార్మికురాలు ఒక దినపు కూలిని వదలుకొనవలెను. బడిలో చేయదగినది బడిలోనే జరుగవలెను. వ్రాతకు బదులు నోటితో జవాబు చెప్పనిచ్చుటకు, పరీక్షలో అదనపు కాలమిచ్చుటకు, గోల నోర్వలేని బిడ్డ విరామమున కూర్చుండుటకు ఒక నిశ్శబ్దపు గది విడుచుటకు ధనము పెద్దగా అక్కఱలేదు. విద్యార్థులారా, “మొద్దు”, “పిచ్చోడు” అను పిలుపులను మీరే మానవచ్చును, దానికి ఏ చట్టమును వలదు. గది మాటను మాత్రము ప్రధానోపాధ్యాయులవారు వచ్చు జూనులో బడి తెఱచుటకు ముందే యాలోచింపవలెనని కోరుచున్నాము.