ఇసుకలో నడక – ముందు పాదాల సంగతి చూడండి!

ప్రశ్న: నా వయస్సు 51. మావారికి 57. పదకొండేళ్ళుగా ఆయనకు చక్కెర వ్యాధి ఉంది. మాత్రలు వాడుతున్నారు. ఇంటి దగ్గరున్న బొటానికల్ గార్డెన్‌లో ఇద్దరం రోజూ ఉదయం గంటసేపు నడుస్తాము. సంక్రాంతి సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళి, ఋషికొండ నుంచి భీమిలి దాకా సముద్రం వెంబడే ఒక్కరోజులో నడవాలని మావారి కోరిక. నాకూ సరదాగానే ఉంది. చెప్పులు లేకుండా ఇసుకలో నడిస్తే నరాలకు బలమని ఆయనకు ఎవరో చెప్పారట. నిజమేనా? ఈ మధ్య నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు. ఇది వయస్సు వల్లనేనా?
– ఒక పాఠకురాలు, కొత్తగూడ, హైదరాబాదు.

జవాబు: అమ్మా, మీరు చివర మామూలుగా రాసిన మాటే అన్నిటికంటె ముఖ్యమైనది. చెప్పు జారినా తెలియకపోవడాన్ని వయస్సు మీదకు నెట్టి ఊరుకోకూడదు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ నొప్పి తెలియకపోవడమే ప్రమాదం. చిప్ప గీసుకున్నా, గాలం ముల్లు గుచ్చుకున్నా, కాగిన ఇసుకకు అరికాలు బొబ్బలెక్కినా మనిషి నడుస్తూనే ఉంటాడు. ఆ పుండు మానక, చీముపట్టి, చివరకు వేలో పాదమో తీసివేయవలసి రావచ్చు.

ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష చేయండి. మీవారిని కళ్ళు మూసుకుని పడుకోమనండి. రెండు పాదాలలోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకండ్లు తేలికగా తాకండి. నొక్కవద్దు, గీరవద్దు. తాకినప్పుడల్లా చెప్పమనండి. ఆరింటిలో రెండుగాని అంతకంటె ఎక్కువగాని తెలియకపోతే నరాలు దెబ్బతిన్నాయని అనుమానించాలి. అన్నీ తెలిసినా సరే, చెప్పు జారుతున్నది కనుక ప్రయాణానికి ముందే డాక్టరుకు పాదాలు చూపించండి. ఆయన నరాలతోపాటు పాదాలలో రక్తప్రసారం కూడా చూస్తారు. గుండె పరీక్ష సంగతీ అడగండి. స్పర్శ లేదని తేలితే ఈ ఏటికి ఆ నడక మానుకోండి.

వట్టి కాళ్ళతో నడిస్తే నరాలకు బలం అన్నమాట నమ్మకండి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇసుకలోనే కాదు, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగకూడదు. మేజోళ్ళు, పాతబడి కాలికి అలవాటైన బూట్లు వేసుకోవాలి. వేసుకునే ముందు బూటు లోపల చెయ్యి పెట్టి చూడాలి. గంటకొకసారి విప్పి ఇసుక దులిపి, పాదం అడుగున ఎర్రబడిందేమో మీరే చూడండి.

ఇక దూరం సంగతి. ఋషికొండ నుంచి భీమిలికి సుమారు పదిహేను కిలోమీటర్లు. గార్డెన్‌లో గంట నడక వేరు, ఇది వేరు. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకంటె రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. అలలు వెనక్కి తగ్గిన వేళ, తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవడం మేలు. అక్కడా నేల సముద్రం వైపు వాలి ఉంటుంది గనుక ఒకే వైపు చాలాసేపు నడిస్తే మోకాలు, తుంటి నొప్పి పెడతాయి. రాళ్ళున్న చోట రోడ్డెక్కండి.

శ్రమ పెరిగితే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఈ భయం ఎక్కువ. ఆ రోజు మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరునే అడగండి, సొంతంగా మానవద్దు. టిఫిను తినకుండా బయలుదేరవద్దు. వణుకు, చెమటలు, ఆకలి, చిరాకు కనబడితే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. ఆ రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు, పడుకునే ముందు ఒకసారి పరీక్షించండి.

మన హైదరాబాదు గాలి పొడిగా ఉంటుంది. సముద్రతీరాన గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. తెల్లవారగానే మొదలుపెట్టి పది గంటలకల్లా ఆపేయండి. దాహం వేయకముందే నీళ్ళు తాగుతుండండి. గుండెల్లో బరువుగాని, ఆయాసంగాని అనిపిస్తే ఒక్క అడుగు కూడా ముందుకు వేయక ఆసుపత్రికి వెళ్ళండి. సముద్రంలోకి దిగవద్దు. పైకి ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చు.

డాక్టరు సరేనంటే, ఉదయం రెండు గంటలు తీరం వెంబడి నడవండి. తరువాత కారులో తొట్లకొండ ఎక్కి, బౌద్ధుల నాటి ఆరామాలు చూసి, సాయంకాలానికి భీమిలి చేరండి. ఒకరోజు పదిహేను కిలోమీటర్లు నడవడంకంటె రోజూ మీరిద్దరూ నడిచే ఆ గంటే ఆయనకు ఎక్కువ మేలు చేస్తుంది. అది పదికాలాలపాటు సాగాలంటే పాదాలు బాగుండాలి. రైలు టిక్కెట్టు కొనేలోగానే డాక్టరును కలవండి.