సంపాదకుని మాట: తాళం పడిన ఈథర్‌కు చలామణీ రసీదు

2022 సెప్టెంబరులో ఇథీరియం నెట్‌వర్క్ మైనింగ్‌కు స్వస్తి చెప్పింది. అప్పటినుంచి లావాదేవీలను సరిచూసే పని, దాని నాణెమైన ఈథర్‌ను పూచీగా పెట్టిన (స్టేక్ చేసిన) వాలిడేటర్లది. ఇలా పూచీ పెట్టడం మాత్రం అంతకుముందే మొదలైంది. సొంతంగా వాలిడేటర్ నడపాలంటే కనీసం 32 ఈథర్లు ఉండాలి. మోసానికి ఒడిగడితే పూచీలో కోత పడుతుంది. పైగా, అలా పెట్టిన సొమ్మును 2023 ఏప్రిల్ దాకా వెనక్కి తీసుకునే వీలే లేదు.

ఆ ఇబ్బందిలోంచి పుట్టిందే లిక్విడ్ స్టేకింగ్. ఉదాహరణకు లిడో అనే సేవనే చూడండి. చిన్న మొత్తాలను పోగుచేసి వాలిడేటర్లకు అప్పగిస్తుంది, ఇచ్చినవారి చేతికి ఎస్‌టీఈథ్ అనే టోకెన్ వస్తుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉండగానే గుంటూరు రైతు బాండు చూపి అప్పు తెచ్చుకున్నట్టు, ఈ టోకెన్‌ను అమ్ముకోవచ్చు, తాకట్టూ పెట్టుకోవచ్చు. ప్రతిఫలం జమయ్యేకొద్దీ ఖాతాలో టోకెన్లు రోజూ కాస్త పెరుగుతాయి. ఆ ప్రతిఫలంలో పదో వంతు రుసుము. రాకెట్ పూల్ అనే మరో సేవలో మాత్రం టోకెన్ల సంఖ్య మారదు, ఒక్కోదాని విలువ పెరుగుతుంది.

అయితే రసీదు వేరు, సరుకు వేరు. 2022 జూన్‌లో అమ్మకాలు వెల్లువెత్తేసరికి ఎస్‌టీఈథ్ ధర ఈథర్ కంటే దాదాపు ఐదు శాతం కిందికి జారింది. పూచీలో పెట్టిన ఈథర్ భద్రంగానే ఉంది. అయినా అప్పుడు అమ్మక తప్పనివాళ్లు నష్టపోయారు. టోకెన్‌ను తాకట్టుపెట్టి, ఆ అప్పుతో మళ్లీ స్టేక్ చేసినవాళ్లకు దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. రాబడి శాతాల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే ఈ సంచికలో ఆ జూన్ కథకే ఎక్కువ పుటలు కేటాయించాం.