గాలం వేసేవారు పెరిగినా దుకాణాలు మూత.. భారీ క్రీడా సామగ్రి సంస్థలకు ఎందుకీ గడ్డుకాలం?

షాలిమార్ (కోల్‌కతా): హుగ్లీ నది పడమటి ఒడ్డున, బొటానికల్ గార్డెన్‌కు చేరువలో ఉన్న షాలిమార్ స్టేషన్ తెలుగువారికి కొత్త కాదు. రికార్డుల ప్రకారం ఇది హావ్‌డా జిల్లాలోదే అయినా, చెన్నై వైపు వెళ్లే కోరమాండల్, హైదరాబాద్ వెళ్లే ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడి నుంచే బయలుదేరుతున్నందున కోల్‌కతాకు వచ్చిపోయే తెలుగు ప్రయాణికులకు ఇదే నగర ద్వారంగా మారింది. కాస్త ఉత్తరాన ఉన్న హావ్‌డా చేపల మార్కెట్‌కు కొల్లేరు, భీమవరం, ఆకివీడు పరిసరాల చెరువుల్లో పెరిగిన రోహు, కట్ల చేపలు నిత్యం లారీల్లో చేరుతుంటాయి. బెంగాలీ వంటింట్లోని చేప చాలాసార్లు ఆంధ్రా చేపే.

అయినా ఆదివారం వచ్చిందంటే ఇక్కడ గాలం కర్ర పట్టుకుని చెరువు గట్టున కూర్చునే వారికి కొదవ ఉండదు. రుసుము చెల్లించి, నిర్ణీత చోట కూర్చుని పట్టుకునే పద్ధతి కోల్‌కతాలోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఏనాటి నుంచో ఉంది. చీమల గుడ్లు, పులియబెట్టిన అన్నం, మసాలా దినుసులు కలిపి ఎర తయారుచేయడం ఇక్కడ తరతరాల విద్య. చేపల వేటపై ఇంత మక్కువ ఉన్న మహానగరంలో గాలపు సామగ్రి అమ్మే పెద్ద రిటైల్ సంస్థ మాత్రం ఒక్కటీ వేళ్లూనలేదు. వ్యాపారమంతా చిన్న దుకాణాలదే. ఇది వెనుకబాటుతనమా, లేక ఈ వ్యాపార స్వభావమే అంతా అన్న ప్రశ్నకు సమాధానం కోసం ముందుగా అమెరికా వైపు చూడాలి. చేపల వేట, శిబిరాలు, పర్వతారోహణ వంటి ఆరుబయలు వినోదాల సామగ్రిని ఎకరాల విస్తీర్ణంలోని దుకాణాల్లో అమ్మే పద్ధతి పరాకాష్ఠకు చేరింది అక్కడే, పదేళ్లుగా ఒక్కటొక్కటిగా కూలుతున్నదీ అక్కడే.

అప్పు ఒకరిది, పప్పుకూడు మరొకరిది

2016 మార్చిలో స్పోర్ట్స్ అథారిటీ దివాలా రక్షణ కోరింది. అప్పటికి ఆ సంస్థకు 450కి పైగా దుకాణాలు, 110 కోట్ల డాలర్ల మేర రుణాలు ఉన్నాయి. ఆ వేసవి ముగిసేలోగా దుకాణాలన్నీ మూతపడ్డాయి. 2017 మార్చిలో వేట, చేపల సామగ్రికి పేరుపొందిన గాండర్ మౌంటెన్ అదే బాట పట్టింది. సుమారు 160 దుకాణాలున్న ఆ సంస్థను వేలంలో దక్కించుకున్న క్యాంపింగ్ వరల్డ్ కొన్నింటిని మాత్రమే నిలిపి, వాటినీ క్రమంగా విహార వాహనాల విక్రయం వైపు మళ్లించింది.

ఈ పతనాలకు ఆన్‌లైన్ పోటీయే కారణమని ఎక్కువగా వినిపించే వాదన. అది సగం నిజమే. స్పోర్ట్స్ అథారిటీని 2006లో లియోనార్డ్ గ్రీన్ అనే పెట్టుబడి సంస్థ 130 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ఇలాంటి కొనుగోళ్లలో తెచ్చిన అప్పు కొన్నవారి ఖాతాలో ఉండదు, అమ్ముడుపోయిన కంపెనీ నెత్తిన పడుతుంది. అప్పుచేసి పప్పుకూడు తినడం తెలుగువారికి తెలిసిన సామెతే గానీ, ఇక్కడ తిన్నది ఒకరు, తీర్చాల్సింది మరొకరు. వడ్డీలు కడుతూ పోయిన సంస్థకు దుకాణాల ఆధునికీకరణకు, ఆన్‌లైన్ విక్రయాలకు కావలసిన పెట్టుబడి మిగలలేదు. అప్పు లేని పోటీదారులు అదే సమయంలో ముందుకు సాగారు.

కాబెలాస్ ఉదంతం ఇంకా లోతైనది. నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన డిక్ కాబెలా షికాగోలో 45 డాలర్లకు కొన్న ఎర ఈగలను (ఈకలతో చేసే కృత్రిమ ఎర ఇది) 1961లో తపాలా ద్వారా అమ్మడంతో మొదలైన సంస్థ అది. దాని ప్రధాన కార్యాలయం ఏడు వేలలోపు జనాభా ఉన్న సిడ్నీ పట్టణంలో ఉండేది. ఊళ్లోని దాదాపు రెండు వేల ఉద్యోగాలు ఆ ఒక్క సంస్థవే. 2015 అక్టోబరులో ఎలియట్ మేనేజ్‌మెంట్ అనే మదుపు సంస్థ 11 శాతానికి మించి వాటా సంపాదించి, కంపెనీ విలువను పెంచే మార్గం చూడాలని ఒత్తిడి తెచ్చింది. ఏడాది తిరగకుండానే ప్రత్యర్థి అయిన బాస్ ప్రో షాప్స్‌కు విక్రయం ఖరారైంది. 2017 సెప్టెంబరులో లావాదేవీ పూర్తయింది. గమనించాల్సిన విషయమేమిటంటే, అప్పటికి కాబెలాస్ దివాలా తీయలేదు, లాభాల్లోనే ఉంది. వాటాదారులు లాభపడ్డారు. సిడ్నీ పట్టణం ఉపాధిని పోగొట్టుకుంది. వాటాదారుల లెక్కల్లో ఊరు ఒక అంకె కాదు గనుక ఆ నష్టం ఏ వార్షిక నివేదికలోనూ కనిపించదు.

కొవిడ్ తెచ్చిన గిరాకీ, మిగిల్చిన సరుకు

2020లో కొవిడ్ ఆంక్షల నడుమ సినిమా హాళ్లు, వ్యాయామశాలలు మూతపడడంతో అమెరికన్లు నదుల వద్దకు, అడవుల్లోకి కదిలారు. అక్కడి వినోద మత్స్యవేట గణాంకాల ప్రకారం 2019లో సుమారు 5 కోట్లున్న గాలగాళ్ల సంఖ్య 2020లో 5.47 కోట్లకు, 2023 నాటికి 5.77 కోట్లకు చేరింది. సామగ్రి అమ్మే సంస్థలకు ఇది పండుగ కావాలి. జరిగింది వేరు. స్పోర్ట్స్‌మన్స్ వేర్‌హౌస్ అమ్మకాలు 2021లో 150 కోట్ల డాలర్లకు చేరి, ఆపై ఏటా తగ్గుతూ 2024లో 120 కోట్ల డాలర్ల దగ్గర నిలిచాయి. బాస్ ప్రో మాతృసంస్థలో దాని విలీనానికి కుదిరిన ఒప్పందం కూడా గుత్తాధిపత్య నియంత్రణ సంస్థ అభ్యంతరాల భయంతో 2021 డిసెంబరులోనే రద్దయింది.

వేటగాళ్లు పెరిగినా అమ్మకాలు ఎందుకు తగ్గాయి? సరుకు స్వభావమే ఇందుకు మూలం. బియ్యం, సబ్బు నెలనెలా కొనాలి. గాలపు కర్ర, రీలు, డేరా, వీపుసంచి ఒకసారి కొంటే ఏళ్ల తరబడి నిలుస్తాయి. మూడేళ్లలో జరగాల్సిన కొనుగోళ్లు ఒకే ఏడాదిలో జరిగిపోయాయి. ఆ ఊపు శాశ్వతమని నమ్మి సంస్థలు గిడ్డంగులు నింపుకొన్నాయి, కొత్త దుకాణాలు తెరిచాయి. ఆ తర్వాత రాయితీలపై సరుకు వదిలించుకోవాల్సి వచ్చింది. మాటిమాటికీ కొనేవి ఎర, దారం, కొక్కెం, సీసపు గుండ్లు మాత్రమే. ఇవి చౌక వస్తువులు. వీటి కోసం 20 కిలోమీటర్లు కారు నడిపి పెద్ద దుకాణానికి ఎవరూ వెళ్లరు. చెరువుకు దారిలో ఉన్న కొట్లో కొంటారు, లేదా ఫోన్‌లో తెప్పించుకుంటారు.

వాటాదారుల ఒత్తిడి లేని సంస్థలకూ ఈ దెబ్బ తప్పలేదు. 1938లో సియాటిల్‌లో పర్వతారోహకులు నెలకొల్పిన సహకార సంఘం ఆర్‌ఈఐ 2023లో 31 కోట్ల డాలర్లు, 2024లో 15.6 కోట్ల డాలర్ల నష్టం చూపింది. 2025 జనవరిలో తన విహారయాత్రల విభాగాన్ని మూసివేసి 400 మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. కాబట్టి దోషమంతా దురాశాపరులైన మదుపరులదే అనడం కూడా తొందరపాటే అవుతుంది.

ఇక 2025లో సుంకాల భారం తోడైంది. గాలపు కర్రలు, రీళ్లు, డేరాల తయారీ ఏనాడో చైనాకూ, ఇతర ఆసియా దేశాలకూ తరలిపోయింది. 1856లో వెర్మాంట్‌లో చార్లెస్ ఆర్విస్ స్థాపించిన ఆర్విస్ సంస్థ 31 దుకాణాలను, మరో ఐదు రాయితీ విక్రయ కేంద్రాలను 2026 ఆరంభానికల్లా మూసివేస్తామని 2025 అక్టోబరులో ప్రకటించింది. అంతర్యుద్ధాన్ని, మహా మాంద్యాన్ని తట్టుకున్న సంస్థ అది. దిగుమతి సుంకాలే కారణమని యాజమాన్యం చెప్పింది.

బ్రిటన్‌లోనూ కథ ఇంతే. ఫిషింగ్ రిపబ్లిక్ అనే గాలపు సామగ్రి సంస్థ 2018 డిసెంబరులో చేతులెత్తేసింది. గో అవుట్‌డోర్స్‌ను 2016లో 11.2 కోట్ల పౌండ్లకు కొన్న జేడీ స్పోర్ట్స్, 2020లో దాన్ని దివాలా ప్రక్రియలోకి నెట్టి, అప్పులు వదిలించుకుని, తిరిగి తానే 5.65 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది.

డెకథ్లాన్ ఎందుకు నిలిచింది?

ఈ నేపథ్యంలో భారత్ పరిస్థితి తలకిందులుగా కనిపిస్తుంది. 1976లో ఫ్రాన్స్‌లోని లీల్ నగర సమీపంలో పుట్టిన డెకథ్లాన్ 2009లో బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో తొలి దుకాణం తెరిచింది. అప్పటి నిబంధనల వల్ల మొదట టోకు వ్యాపారంగానే నడిచి, 2013లో ఏక బ్రాండ్ రిటైల్‌కు నూరు శాతం విదేశీ పెట్టుబడి అనుమతి పొందింది. హైదరాబాద్, విజయవాడ వాసులకు ఇప్పుడు సుపరిచితమైన పేరు. 2022-23లో దేశంలో దాని ఆదాయం 3,955 కోట్ల రూపాయలు. ఐదేళ్లలో 10 కోట్ల యూరోలు వెచ్చించి 2030 నాటికి దుకాణాల సంఖ్యను 190కి పెంచుతామని 2024లో సంస్థ ప్రకటించింది.

అమెరికా సంస్థలతో పోలిస్తే కీలకమైన తేడా ఒకటుంది. స్పోర్ట్స్ అథారిటీ ఇతరులు తయారుచేసిన బ్రాండ్లను అమ్మేది. అదే వస్తువు, అదే బ్రాండ్ ఆన్‌లైన్‌లో రూపాయి తక్కువకు దొరికితే దుకాణం కేవలం చూసి వెళ్లే ప్రదర్శనశాలగా మిగులుతుంది. డెకథ్లాన్ రూపకల్పన నుంచి విక్రయం వరకు అన్నీ తానే చేస్తుంది. డేరాకు కెచువా, గాలానికి కాపర్లాన్ అంటూ సొంత పేర్లు పెట్టుకుంది. ధర పోల్చి చూసేందుకు కొనుగోలుదారుకు అదే వస్తువు మరోచోట ఉండదు. విదేశీ పెట్టుబడి పరిమితి దాటిన ఏక బ్రాండ్ సంస్థలు 30 శాతం సరుకు దేశీయంగా సేకరించాలన్న నిబంధన కూడా దానికి భారం కాకుండా బలమైంది. ఇక్కడ అమ్మే సరుకులో సుమారు 68 శాతం ఇక్కడే తయారవుతోందని సంస్థ చెబుతోంది.

అయితే ఇది అజేయమైన సూత్రమేమీ కాదు. ఇదే డెకథ్లాన్ అమెరికాలో రెండుసార్లు అడుగుపెట్టి, 2006లో ఒకసారి, 2020లో మరోసారి దుకాణాలు మూసుకుని వెనుదిరిగింది. 2024లో ప్రపంచవ్యాప్తంగా అమ్మకాలు 1,620 కోట్ల యూరోలకు పెరిగినా నికర లాభం 93.1 కోట్ల నుంచి 78.7 కోట్ల యూరోలకు తగ్గింది. భారత్‌లో దాని ఎదుగుదల నడకబూట్లు, వ్యాయామ దుస్తులు, సైకిళ్లు, బ్యాడ్మింటన్ రాకెట్ల మీద నిలిచింది. గాలపు సామగ్రి అందులో ఒక మూల అల్మరా మాత్రమే.

చౌరంగీ చెప్పే పాత కథ

పెద్ద దుకాణంలో ఆరుబయలు సామగ్రి అమ్మడం కోల్‌కతాకు కొత్త కాదన్న సంగతి చాలామంది మరిచారు. 1871లో లండన్‌లో సైనికాధికారులు సహకార సంఘంగా మొదలుపెట్టిన ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ బొంబాయి, కరాచీల తర్వాత 1901లో కలకత్తాలో శాఖ తెరిచింది. డేరాలు, మడత మంచాలు, తుపాకులు, గాలపు కర్రలు అన్నీ ఒకే కప్పు కింద చౌరంగీలో దొరికేవి. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో భారతీయ నదుల్లో గాలపు వేటపై ఏకంగా గ్రంథమే ప్రచురించాడంటే ఆ అభిరుచికి దొరల్లో ఎంత ఆదరణ ఉండేదో ఊహించవచ్చు. స్వాతంత్ర్యంతో ఆ కొనుగోలుదారులు ఓడెక్కారు, దుకాణం మూతపడింది. తుపాకీ వ్యాపారుల షికారు సామగ్రికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తెర దించింది. సరుకు నాణ్యత తగ్గి కాదు, కొనే వర్గం పోయి అవి మాయమయ్యాయి.

గాలంతో సరదా తీర్చుకునేవారు ఒకరైతే, వలతో పొట్ట నింపుకొనేవారు మరొకరు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్ల వద్ద వల, తాడు, బెండ్లు, ఇంజిన్ విడిభాగాలు అమ్మే కొట్లు నడిచేది నగదుతో కాదు, నమ్మకంతో. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో పడవలు ఒడ్డున ఉంటాయి. మరమ్మతులకు, కొత్త వలకు అప్పు కావలసింది అప్పుడే. వేట మొదలయ్యాక వచ్చిన చేపతో బాకీ తీరుతుంది. వడ్డీ ఎంతో ఎవరూ రాతలో పెట్టరు, అందులో దోపిడీ ఉండదనీ చెప్పలేం. కానీ బార్‌కోడ్ చూసి బిల్లు కొట్టే గొలుసు దుకాణం ఈ అరువు ఇవ్వలేదు. ఆ కారణంగానే మత్స్యకారుల సామగ్రి మార్కెట్ పెద్ద సంస్థలకు చిక్కడం లేదు.

సరదా వేటకు మిగిలిన అడ్డంకి దుకాణం కాదు, నీరు. 2025 సెప్టెంబరు 22 నుంచి గాలపు కర్రలు, తత్సంబంధ సామగ్రిపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ధర తగ్గినంత మాత్రాన వేయడానికి చోటు దొరకదు. అమెరికాలో లైసెన్సు కొన్నవారికి ప్రభుత్వ జలాశయాలు తెరిచి ఉంటాయి, ఆ రుసుముతోనే చేపపిల్లలను వదులుతారు. మన దేశంలో చెరువులు ఎక్కువగా లీజుదారులవి, మత్స్య సహకార సంఘాలవి. కావేరీ తీరంలో మహసీర్ వేటకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన శిబిరాలు అభయారణ్యంలో గాలపు వేటపై ఆంక్షల వల్ల గత దశకంలోనే ఆగిపోయాయి. రుసుము కట్టి గాలం వేసే చెరువులు హైదరాబాద్ శివార్లలో ఇప్పుడిప్పుడే కనిపిస్తుండగా, కోల్‌కతాలో మాత్రం అవి పాత అలవాటు. ఆ చెరువుల్లో ఏ నెలలో ఏ చేప ఏ ఎరకు తగులుతుందో చెప్పగలిగేది ఆ పక్క కొట్టువాడే. అతడికి దేశవ్యాప్త శాఖలు లేవు, గిడ్డంగి నిండా పేరుకుపోయిన సరుకూ లేదు.