ఖాళీగా ఉండిపోయిన ఫలకం

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఫెర్న్‌లీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి మాజీ సైనికుల శ్మశానవాటికలో స్మారక గోడ మీద ఒక సైనికుని పేరు ఉండవలసిన చోటు ఏడాదికి పైగా ఖాళీగా ఉండిపోయింది. 2005 సెప్టెంబరు 25న ఆఫ్ఘనిస్థాన్‌లో హెలికాప్టర్ కూలి మరణించిన సార్జెంట్ పాట్రిక్ స్టీవర్ట్‌ది ఆ చోటు. ఆయన విక్కా మతస్థుడు. వలయంలో ఐదు కోణాల నక్షత్రం వారి మతచిహ్నం. దానిని ఫలకం మీద చెక్కడానికి కేంద్ర ప్రభుత్వ మాజీ సైనికుల శాఖ ఒప్పుకోలేదు. సిలువకు చోటుంది, దావీదు నక్షత్రానికి ఉంది, దేవుడు లేడనేవారికి సైతం ఒక గుర్తు ఉంది. మొత్తం 38 గుర్తుల జాబితాలో ఇది మాత్రం లేదు.

ఆ గుర్తు కోసం ఏళ్ల తరబడి పోరాడినవారిలో ముందు నిలిచింది సెలీనా ఫాక్స్. విక్కా పూజారిణి, శిక్షణ పొందిన మానసిక సలహాదారు. 1949లో వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో పుట్టారు. పెరిగింది సదరన్ బాప్టిస్టు ఇంట్లో. హైస్కూలు రోజుల్లోనే ఆ సంఘాన్ని విడిచిపెట్టారు. మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ, తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్‌లో పీజీ చేసి, 1974లో సర్కిల్ శాంక్చువరీ అనే సంస్థను స్థాపించారు. విస్కాన్సిన్‌లో ఆ సంస్థకు దాదాపు 200 ఎకరాల కొండ నేల, అందులోనే సొంత శ్మశానం ఉన్నాయి. 1980లలో ఆ స్థలంలో ఆరాధన జరపడానికి స్థానిక అధికారుల అభ్యంతరాలు ఎదురైతే న్యాయపోరాటం చేసి నెగ్గారు. మందిర నిర్మాణానికి అనుమతి కోసం పంచాయతీ ఆఫీసుల చుట్టూ తిరిగిన మన సంఘ పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

విక్కా పాత మతంలా కనిపించినా నిజానికి కొత్తది. మంత్రవిద్యపై ఉన్న చట్టాన్ని 1951లో ఇంగ్లండ్ రద్దు చేశాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ రాసిన పుస్తకంతో లోకానికి తెలిసింది. ప్రకృతిని, ఋతువులను, చంద్రకళలను పవిత్రంగా ఎంచి దేవీదేవులను కొలుస్తారు. సాతానును వారు పూజించరు, అసలు నమ్మరు కూడా. అయినా మా మాట స్పష్టం. సృష్టిని ఆరాధించడం సృష్టికర్తను ఆరాధించడం కాదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చదివే మనం వారి ఆచారాలను సమ్మతించలేం. ఆ విషయంలో మాకు ఊగిసలాట లేదు.

అయితే ఈ వార్తను తెలుగులో చెప్పేటప్పుడు ‘మంత్రగత్తె’ అని రాసేస్తారు. ఆ మాట దగ్గర ఆగాలి. మన పల్లెల్లో ఆ మాట పడినవాళ్లు ఏ మతాన్నీ ఎంచుకున్నవాళ్లు కారు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతేనో, గేదె చస్తేనో వేలెత్తి చూపించబడిన విధవరాళ్లు, ముసలివాళ్లు. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో తెలంగాణలో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు ఎన్నో జరిగాయి. ప్రసంగ వేదిక మీద ఆ మాటను తేలికగా వాడే బోధకులు వినేవారి ఊళ్లను గుర్తుంచుకోవాలి.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. బాప్టిస్టు ఇంట పుట్టిన ఒక మనిషి దగ్గరికి, చర్చిలలో పెరిగిన మరికొందరు తమ దుఃఖం చెప్పుకోవడానికి ఎందుకు వెళ్తున్నారు? ఆమె సంస్థ జైళ్లలో, సైన్యంలో ఉన్న తమవారిని పలకరించడం ఒక బాధ్యతగా పెట్టుకుంది. పరిచర్య అంటే మనమూ అదే అంటాం. కాని భర్త కొడుతున్నాడని ఒక సహోదరి పాస్టరుగారి ఇంటికి వస్తే చాలా చోట్ల జరిగేదేమిటి? ప్రార్థన చేసి, సర్దుకుపొమ్మని చెప్పి పంపేస్తాం. మరుసటి ఆదివారం పేరు చెప్పకుండా ఆమె కథే ప్రసంగంలో సాక్ష్యంగా వస్తుంది. ఊరంతా గుర్తుపడుతుంది. ఇక ఆ సహోదరి నోరు విప్పుతుందా? విన్న మాటను కడుపులో దాచుకోవడం, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపడం నేర్పే శిక్షణ మన కాపరులలో ఎందరికి దొరుకుతోంది? ప్రార్థనను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. వినకుండా చేసే ప్రార్థన గురించి అంటున్నాం.

మళ్లీ ఫలకం దగ్గరికి వద్దాం. ప్రభుత్వం ఏళ్ల తరబడి తాత్సారం చేసింది. విక్కా ఒక మతమని తాను అనుకోవడం లేదని 1999లో, టెక్సాస్ గవర్నరుగా, జార్జ్ బుష్ బాహాటంగానే అన్నారు. 2006 చివర్లో ఆమె సంస్థ, ఆ సైనికుని భార్య, మరికొందరు కోర్టుకెక్కారు. వారి తరఫున నిలిచిన న్యాయ సంస్థకు అప్పుడు అధిపతి బ్యారీ లిన్. ఆయన అభిషేకం పొందిన క్రైస్తవ సేవకుడు, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్‌కు చెందినవాడు. వారి దేవతలను ఆయన ఒప్పుకోనక్కరలేకపోయింది. 2007 ఏప్రిల్ 23న ప్రభుత్వం రాజీకి వచ్చింది, గుర్తును జాబితాలో చేర్చింది.

ఇలాంటి పని మనకెందుకు అనే పెద్దలుంటారు. 2025 జనవరిలో బస్తర్‌లో ఒక పాస్టరు మృతదేహం దాదాపు మూడు వారాలు మార్చురీలోనే ఉంది. సొంత ఊళ్లో, తన పెద్దల పక్కన పాతిపెట్టనివ్వలేదు. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో సమాధి చేయాల్సి వచ్చింది. ఆ కొడుకు కోర్టు మెట్ల మీద నిలబడినప్పుడు, మన మతస్థులు కానివారు ఎవరైనా అతని పక్షాన మాట్లాడతారేమోనని మనమందరం ఎదురుచూశాం.

2007 జులై 4న సెలీనా ఫాక్స్ ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికకు వెళ్లి, ఆ గుర్తు చెక్కిన సమాధిరాయి దగ్గర తమ పద్ధతిలో ఆరాధన జరిపించారు. ఆమె పుట్టిన ఊరే అది. చుట్టూ వరుసలు వరుసలుగా సిలువ గుర్తున్న రాళ్లు.