స్పాక్ నిగ్రహం, రక్తపు లెక్కలు

1966 సెప్టెంబరులో అమెరికాలోని ఎన్‌బీసీ టెలివిజన్‌లో మొదలైన 'స్టార్ ట్రెక్' ధారావాహికలో లెనార్డ్ నిమోయ్ ధరించిన స్పాక్ పాత్రకు నేటికీ ఒకే వ్యాఖ్యానం చెలామణిలో ఉన్నది: వల్కన్ గ్రహవాసి అయిన తండ్రి సారెక్ నుంచి తర్కమూ, భూలోకవాసి అయిన తల్లి అమాండా నుంచి ఉద్వేగమూ సంక్రమించగా, ఆ రెంటి నడుమ నలగడమే అతని కథ అన్నది. వినడానికి పొందికగా ఉన్న ఈ సూత్రం ధారావాహికలోని ఆధారాల ముందు నిలవకపోవడమే కాక, మనిషి గుణాలను రక్తంలోని పాళ్లుగా కొలిచే పాత జాతివాదాన్ని తెలియకుండానే వెనకేసుకొస్తున్నది.

వల్కన్లను ఉద్వేగరహితులుగా భావించడం ఈ వ్యాఖ్యానపు మొదటి పొరపాటు. కథాక్రమం చెప్పేదాని ప్రకారం వారు ఒకప్పుడు తమలో తాము పోరాడుకుని నశించే స్థితికి వచ్చిన ఉగ్రజాతి. సురాక్ అనే తాత్త్వికుని బోధతో తర్కాన్ని జీవనధర్మంగా స్వీకరించి, తరతరాల అభ్యాసంతో ఉద్వేగాలను అదుపులోకి తెచ్చుకున్నవారు. వరద రాని చోట ఎవరూ కరకట్ట కట్టరు. 1990లో 'నెక్స్ట్ జనరేషన్' ధారావాహికలో వచ్చిన 'సారెక్' కథలో, వృద్ధుడైన సారెక్ నిగ్రహాన్ని ఒక వ్యాధి సడలించగానే, మానవ రక్తం చుక్కయినా లేని ఆ రాయబారి కచేరీలో సంగీతం వింటూ కన్నీరు కారుస్తాడు. నిగ్రహం నేర్చుకున్న విద్య గనుకనే అది చేజారగలిగింది.

స్పాక్ విషయంలో ఆధారాలు ఇంకా బలమైనవి. థియొడోర్ స్టర్జియన్ రాయగా 1967 సెప్టెంబరులో ప్రసారమైన 'అమోక్ టైమ్'లో అతనిని ఉన్మాదానికి లోనుచేసినది పాన్ ఫార్, అంటే వల్కన్లను ఏడేళ్లకొకసారి జతకూడే కోరికతో సొంత గ్రహానికి ఈడ్చుకుపోయే దేహధర్మం. అది పూర్తిగా తండ్రి వైపు నుంచి వచ్చినది, తల్లి జాతికి దాని ఊసే లేదు. 1969 నాటి 'ఆల్ అవర్ ఎస్టర్‌డేస్'లో ఐదు వేల ఏళ్ల వెనకటి కాలంలో చిక్కుకున్న స్పాక్ మాంసం తింటాడు, జరాబెత్ అనే స్త్రీని ప్రేమిస్తాడు, సహచరుడైన వైద్యుడు మెకాయ్ మీదికి ఆగ్రహంతో లేస్తాడు. ఆ కాలపు వల్కన్ పూర్వీకుల స్వభావంలోకి అతను జారిపోతున్నాడన్నదే దీనికి కథ ఇచ్చే కారణం. ఉద్వేగం తల్లి వాటాయే అయితే ఈ కథకు అర్థమే ఉండదు.

ప్రతిపక్షానికి గట్టి సాక్ష్యం ఒకటి ఉన్నది, దానిని దాటవేయరాదు. 1966లో వచ్చిన 'ది ఎనిమీ వితిన్'లో స్పాక్ తనలోని మానవ భాగమూ, అన్యగ్రహ భాగమూ ఎడతెగక పోరాడుతున్నాయని స్వయంగా చెప్పుకుంటాడు. అయితే ఒక పాత్ర తనను గురించి చెప్పుకునే మాట సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. డి.సి. ఫాంటానా రాసిన 1973 నాటి యానిమేషన్ కథ 'ఎస్టర్‌ఇయర్'ను చూస్తే ఆ మాట ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించవచ్చు: మానవ తల్లికి పుట్టినందుకు బాలుడైన స్పాక్‌ను వల్కన్ బాలురు ఎగతాళి చేస్తారు (తర్కాన్ని ఉగ్గుపాలతో నేర్చినవారి ఎగతాళిలో తర్కమెంతో వారినే అడగాలి). చిన్ననాడు ఇతరుల నోట విన్న నింద పెద్దయ్యాక ఆత్మపరిశీలన వేషంలో బయటపడిందనుకోవడమే సబబు.

కాబట్టి మిశ్రమ వారసత్వం స్పాక్‌పై మోపినది అదనపు ఉద్వేగాన్ని కాదు, అదనపు నిరూపణ భారాన్ని. అమాండాను ఎందుకు పెళ్లాడావని కొడుకు అడిగితే అప్పట్లో అదే తర్కబద్ధంగా తోచిందని సారెక్ చమత్కరించినా, అతని వల్కనత్వాన్ని ఎవరూ శంకించరు. స్పాక్ మాత్రం మిత్రుడైన కిర్క్‌తో పోరాడవలసి వచ్చినప్పుడు ఆ పోరు వద్దని వేడుకున్నంతనే, నీవు వల్కన్‌వా మానవుడవా అని వల్కన్ల పెద్దదిక్కు టి'పావ్ నిలదీస్తుంది. మానవుల ఓడలోనేమో అతని ఆకుపచ్చ రక్తాన్ని మెకాయ్ మాటిమాటికీ ఎత్తిపొడుస్తుంటాడు. 1979 నాటి చలనచిత్రంలో, మిగిలిన కాస్త ఉద్వేగాన్నీ తుడిచిపెట్టే కొలినార్ దీక్షకు స్పాక్ పూనుకోవడాన్ని కూడా ఈ దృష్టితోనే చూడవలసి ఉంటుంది: ఇరుపక్షాలూ అనుమానించే వ్యక్తికి తక్కినవారి పాటి నిగ్రహం చాలదు.

ఈ కథలు పుట్టిన దేశంలో 1967 జూన్‌లో లవింగ్ దంపతుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా భిన్న జాతుల మధ్య వివాహాలను నిషేధించే చట్టాలు 16 రాష్ట్రాలలో అమలులో ఉండేవి. స్పాక్ తల్లిదండ్రులు తొలిసారి తెరపై కనిపించినది ఆ ఏడాది నవంబరులోనే. మరుసటి ఏడాది నల్లజాతి తల్లికీ తెల్లజాతి తండ్రికీ పుట్టిన ఒక బాలిక యువజన పత్రిక ద్వారా స్పాక్‌కు రాసిన లేఖలో, తనను ఇరువైపుల పిల్లలూ దగ్గరికి రానివ్వడం లేదనీ, తనకు ఎన్నటికీ స్నేహితులు దొరకరేమోననీ వాపోయింది. ఆమె స్పాక్‌ను తర్కోద్వేగాల రణరంగంగా కాక తనవంటి వ్యక్తిగా గుర్తుపట్టింది. నిమోయ్ కూడా తన సుదీర్ఘమైన జవాబును ఆ వెలివేత గురించే రాశాడు.