కాలువగట్టు ఎవరిది?

మన యాత్రాసాహిత్యంలో వాహనాలకు కూడా కులభేదం ఉన్నది. పల్లకికి, రైలుకు, ఓడకు, విమానానికి అందులో అగ్రాసనం దొరికినది. కాలినడకకు తీర్థయాత్ర పేరిట గౌరవం దక్కినది. సైకిలుకు మాత్రం ఆ పంక్తిలో విస్తరి వేయలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరాలలో చెన్నపట్టణం నుంచి కాశికి పోయి వచ్చినది పల్లకిలో. ఆ యాత్రాచరిత్ర 1838లో అచ్చయి మన వాఙ్మయానికి మూలధనమైనది. హిందీలో రాహుల్ సాంకృత్యాయన్ సంచారాన్ని ఒక శాస్త్రంగానే ప్రతిపాదించి ‘ఘుమక్కడ్ శాస్త్ర’ వ్రాశారు. ఇంతటి సంప్రదాయం ఉండి కూడా, పల్లెల గుండా, కాలువగట్ల వెంట, సముద్రపుటొడ్డు దాకా నెమ్మదిగా సాగే సైకిలు ప్రయాణం విద్యావంతుల దృష్టిలో యాత్ర అనిపించుకోలేదు. వారి లెక్కలో అది కూలికి పోయేవాని అవసరం. కాకుంటే సెలవులలో కుర్రవాళ్ళ ఆట. ఈ అభిప్రాయం తప్పనీ, దీనివల్ల సాహిత్యమూ దేశమూ రెండూ నష్టపోతున్నాయనీ నా వాదం.

సైకిలు యాత్రలపై గ్రంథాలు రాలేదా అని ఎవరైనా అడుగవచ్చు. వచ్చాయి. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తం భుంగారా అనే పార్సీ యువకులు 1923లో బొంబాయి నుంచి బయలుదేరి, ప్రపంచం చుట్టి, 1928లో తిరిగివచ్చి తమ యాత్రను గ్రంథస్థం చేశారు. వంగదేశీయుడు రామనాథ్ విశ్వాస్ 1931లో సింగపూరు నుంచి సైకిలు మీద దేశదేశాలు తిరిగి బెంగాలీలో అనేక యాత్రాగ్రంథాలు వ్రాశారు. ఆ సాహసాలకు చేతులు జోడించవలసినదే. కాని ఈ ఉదాహరణలే నా ఆరోపణను బలపరుస్తున్నాయి. ఖండాలు దాటిన సైకిలుకు గ్రంథం దక్కినది. పక్క తాలూకాకు పోయిన సైకిలుకు పుట కూడా దక్కలేదు. సాహసాన్ని మెచ్చుకోవడం తేలిక, ఎందుకంటే దానిని అనుసరించవలసిన బాధ్యత మనకు ఉండదు. అందరికీ సాధ్యమయ్యే దానిని గౌరవించడమే కష్టం.

సాధ్యమయ్యేది ఎట్టిదో కేరళదేశపు కుట్టనాడును తీసుకొని చూతము. సముద్రమట్టానికి దిగువన వరి పండించే ప్రాంతమది. ఆ సేద్యపద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో గుర్తించినది. నీటిమట్టం చేనికంటె ఎత్తున ఉండటంచేత మళ్ళ చుట్టూ గట్లు వేసి, లోపలి నీటిని బయటికి తోడిపోయవలెను. విద్యుత్తు యంత్రాలు రాక పూర్వం ఆ నీటిని తోడినది కూలీల పాదాలే; పెద్ద చక్రాలను కాళ్ళతో తొక్కి రాత్రింబగళ్ళు మళ్ళను ఎండగట్టేవారు. తొక్కుడుచక్రం మీద బ్రతికిన నేలను తొక్కుడుచక్రం మీదనే చూడటంలో ఒక ఔచిత్యం ఉన్నది.

ఆ నేల నుంచే తకళి శివశంకర పిళ్ళై ‘రండిడంగళి’ 1948లోను, ‘చెమ్మీన్’ 1956లోను వెలువడ్డాయి. రెండవదానికి 1957లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. ఒకటి వరిమళ్ళలోని కూలీల కథ, మరొకటి పురక్కాడు తీరంలోని జాలరుల కథ. పుస్తకాలలో చదివినప్పుడు అవి రెండు లోకాలు. తకళి గ్రామం నుంచి అంబలప్పుళ మీదుగా పురక్కాడుకు సైకిలు తొక్కినవానికి అవి రెండు లోకాలు కావు. మధ్య దూరం 20 కిలోమీటర్ల లోపే. పొలం బురద వాసన ఇంకా వదలక ముందే ఎండు చేపల వాసన తగులుతుంది. ఇంత దగ్గర దగ్గరగా ఉన్న రెండు శ్రమలు రెండు వేర్వేరు నీతులను, భయాలను, దేవతలను ఎట్లా పెంచుకున్నాయన్న ప్రశ్న అప్పుడు గాని పుట్టదు. కారులో పోయేవానికి ఈ దూరం అరగంట; అరగంటలో ప్రశ్నలు పుట్టవు. నడిచేవానికి ఒక పూట గడచిపోతుంది. పొలమూ సముద్రమూ రెండూ చూసి అదే రోజు తిరిగి రావడం అతనికి కష్టం. గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల వేగం ఈ నేలకు సరిగ్గా అమరిన కొలత.

అనువాదకులకు ఈ కొలత మరీ అవసరం. కుట్టనాడు రైతు తన భూములను కరి, కాయల్, కరప్పాడం అని మూడు తరగతులుగా విడదీస్తాడు. గదిలో కూర్చున్న అనువాదకుడు మూడింటికీ ‘పొలం’ అని వ్రాసి పుట తిప్పుతాడు. తోట్టప్పళ్ళి దగ్గర ఇసుకదిబ్బతో మూసుకొని, వరదకాలంలో తెగే నీటిదారిని అక్కడివారు ‘పొళి’ అంటారు. హిందీలోని ‘ముహానా’ నదీముఖాన్ని చెబుతుందే గాని, మూసుకోవడం, తెగడం అనే స్వభావాన్ని చెప్పదు. మన కోస్తా జాలరులు ‘మొగ’ అనే మాట వాడుతారు. అది దీనికి దగ్గరి చుట్టం. ఆ చుట్టరికం నిఘంటువులో కనిపించదు. ఆ దిబ్బ పక్కన సైకిలు దిగి, వల బాగుచేసుకొనేవానితో రెండు మాటలు ఆడినవానికి తెలుస్తుంది. భారతీయ సాహిత్యం ఒకటేనని వేదికలెక్కి ఘోషించేవారు ఒక్క మాటకు ఒక్క గట్టు చొప్పున తిరిగి ఉంటే మన అనువాదాలు ఇంత పేలవంగా ఉండేవి కావు.

ఇక ఆక్షేపణలకు వస్తాను. సైకిలు పేదవాని వాహనం, దాని మీద విహారమేమిటని మొదటి ఆక్షేపణ. 2011 జనాభా లెక్కల ప్రకారం మన కుటుంబాలలో నూటికి సుమారు 45 ఇళ్ళలో సైకిలు ఉన్నది. అంతమంది వాహనాన్ని అవమానకరమని భావించేవాడు వారిని గురించి ఏమి భావిస్తున్నాడో వేరే చెప్పనక్కరలేదు. రెండవది, స్త్రీలకు ఇది తగదన్నది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేల సంఖ్యలో గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొని ఈ ఆక్షేపణకు సమాధానం ఇచ్చివేశారు.

మూడవది ఎండ, గాలి. ఇందులో కొంత నిజం ఉన్నది. చదునైన నేలలో కొండలు లేని లోటును ఎదురుగాలి తీరుస్తుంది. కాని గాలికి కూడా ఒక నియమం ఉన్నది. పగలు వేడెక్కిన నేలమీదికి మధ్యాహ్నం నుంచి సముద్రపుగాలి వీస్తుంది. ఉదయం చల్లవేళ సముద్రం వైపు పోయి, సాయంకాలం ఆ గాలిని వీపున వేసుకొని తిరిగివచ్చేవానికి ప్రకృతి సగం తొక్కిపెడుతుంది. ఊరి జాలరికి తెలిసిన ఈ చిన్న విషయం తెలియకపోవడం వాతావరణపు దోషం కాదు.

నాలుగవ ఆక్షేపణ బలమైనది: రోడ్లు ప్రమాదకరమైనవి. నిజమే. ఐతే వాటిని అట్లా చేసినది ఎవరు? 2013లో కలకత్తా పోలీసులు 174 వీధులలో సైకిలును నిషేధించారు. రద్దీకి కారణమైన మోటారును ఉంచి, రద్దీ పెంచని సైకిలును వెళ్ళగొట్టారు. కేరళ తీరం వెంట పోయే 66వ జాతీయ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించే పని 2020 తరువాతి సంవత్సరాలలో ముమ్మరమైనది. రహదారి వద్దని నేననను. రోగికి, సరకుకు వేగం కావలెను. కాని వేగానికి ఒక దారి వేసినప్పుడు నిదానానికి మరొక దారి మిగల్చడం పాలకుల ధర్మం. ఆ దారి క్రొత్తగా వేయనక్కరలేదు. కాలువగట్టు రూపంలో అది ఉండనే ఉన్నది.

జలవిహారం పేరిట జరుగుతున్నదేమిటో కూడా చూడవలెను. ధాన్యం మోసిన కెట్టువళ్ళాలు నేడు మేడలు కట్టుకొని ధనికులను మోస్తున్నాయి. ఆ పడవల మీద అనేక కుటుంబాలు బ్రతుకుతున్న మాట కాదనలేము. కాని 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన వేంబనాడు సరస్సులో వాటి చమురు, మురికి కలుస్తున్న మాట కూడా కాదనలేము. ఆ పడవలో కూర్చున్నవాడు గట్టును చూస్తాడు. గట్టు అవతలి మనిషిని చూడడు. సైకిలు యాత్రికుడు గట్టు మీదనే ఉంటాడు. దాహం వేస్తే అడుగుతాడు, గొట్టం పంక్చరైతే ఆగుతాడు, దారి తప్పితే పిలుస్తాడు. మనిషి అవసరం పడటమే యాత్రకు ప్రాణం.

తెలుగుదేశానికి ఇది పరాయి విషయం కాదు. 1847–52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టి తీసిన కాలువలు నీటిని మాత్రమే కాక పడవలను, మనుషులను కూడా మోశాయి. లారీలు వచ్చాయి, పడవలు పోయాయి, లాకులు తుప్పు పట్టాయి. గట్లు మిగిలాయి. లొల్ల లాకుల నుంచి కోనసీమ కాలువల వెంట, అవసరమైన చోట పంటు ఎక్కి వైనతేయ పాయను దాటి, అంతర్వేది దాకా పోయేవానికి ఏ పర్వతమూ అడ్డు రాదు. అడ్డు వచ్చేవి ఆక్రమణలు, చెత్తకుప్పలు, మన నిర్లక్ష్యం.

కనుక కోరవలసినవి స్వల్పమైనవి. కాలువగట్లను ఆక్రమణల నుంచి విడిపించి, కొంత మేరనైనా భారవాహనాలు రాకుండా, నడిచేవారికి, సైకిలువారికి ఉంచవలెను. పంటులలో, ప్రయాణపు పడవలలో సైకిలుకు హక్కుగా చోటు ఇవ్వవలెను. మజిలీ మజిలీకి ఒక సత్రపు గది, ఒక మంచినీళ్ళ కుళాయి ఉండవలెను. ఆనకట్టలు కట్టగలిగిన దేశానికి ఇవి భారం కావు.

గట్టు వేసినది కూలివాడు. దాని మీద సైకిలు తొక్కుతున్నదీ అతడే. ఇప్పటికైనా విద్యావంతుడు తన వాహనం దిగి అతని వెనుక కొంతదూరం తొక్కితే, ఆ గట్టు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. ఆలస్యం చేస్తే, సమాధానం చెప్పడానికి గట్టు మిగలదు.