మొదటి తప్పు ఎక్కడుంది?

మన సంఘాల్లోని యువతీయువకులు ఎందరో నేడు కంప్యూటర్ భాషలు నేర్చుకుంటున్నారు. కొత్తగా 'సి' భాష నేర్చుకునేవారికి తొలిరోజుల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. రాసింది పది వరుసలే, కంప్యూటర్ చూపే తప్పులు మాత్రం ఇరవై! కంగారుపడి చివరి తప్పు నుంచి దిద్దబోతే చిక్కుముడి ఇంకా బిగుస్తుంది. అనుభవమున్నవారు పైకి వెళ్లి మొదటి తప్పు చూడమంటారు. ఎక్కడో ఒక సెమీకోలన్ పెట్టడమో, తెరిచిన బ్రాకెట్ మూయడమో మరిచిపోయి ఉంటారు. అది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే మాయమవుతాయి. పైగా, కంప్యూటర్ చూపిన వరుసలో కాక, చాలాసార్లు దాని పైవరుసలో అసలు తప్పు ఉంటుంది.

దావీదు జీవితంలో జరిగిందీ ఇదే (2 సమూయేలు 11). ఊరియా హత్య పైకి కనిపించిన ఘోరం. దానికి ముందు మోసం, మోసానికి ముందు వ్యభిచారం, అంతకుముందు మిద్దె మీద మళ్లించుకోని ఒక చూపు ఉన్నాయి. నాతాను ప్రవక్త తప్పు చూపినప్పుడు ఆ రాజు ఆయన మీద కోపగించుకోలేదు, ఒప్పుకున్నాడు. 51వ కీర్తనలో క్షమాపణ మాత్రమే కాదు, శుద్ధమైన హృదయాన్నీ అడిగాడు. అంటే మొదటి వరుస దాకా వెళ్లాడన్నమాట!

కంప్యూటర్ పట్టుకోలేని తప్పులూ ఉంటాయి. 'సి' భాషలో పూర్ణసంఖ్యలుగా 5ను 2తో భాగిస్తే 2 అనే జవాబు వస్తుంది. మిగిలిన అర చడీచప్పుడు లేకుండా పోతుంది. హెచ్చరిక ఉండదు, లెక్క మాత్రం తప్పుతుంది. దేవాలయంలో నిలబడి తన ఉపవాసాలను, దశమభాగాలను ఏకరువు పెట్టిన పరిసయ్యుని ప్రార్థన అలాంటిదే (లూకా 18). పైకి అన్నీ సక్రమమే, కానీ నీతిమంతునిగా ఇంటికి వెళ్లింది మాత్రం సుంకరి!

మన సంఘాలు ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. కంప్యూటర్ తప్పుతో రాజీపడదు. అలాగని నేర్చుకునేవాణ్ణి అవమానించదు, పదిమందిలో చాటదు. వందోసారి సరిదిద్దుకుని వచ్చినా మళ్లీ పరీక్షిస్తుంది. మరి మన యువకుడొకరు తాగుడుకు లోనయ్యాడని తెలిస్తే మనమేం చేస్తున్నాం? మందలింపు కన్నా ముందు గుసగుసలు మొదలవుతాయి. కొన్నాళ్లకు అతడు ఆరాధనకు రావడమే మానేస్తాడు. ముందు ఒంటరిగా కలిసి మాట్లాడమన్న ప్రభువు ఆజ్ఞ (మత్తయి 18:15) మనకు బొత్తిగా గుర్తుండదు. తప్పు దాచిపెట్టడం ప్రేమ కాదు, తప్పు చేసినవాణ్ణి వీధిన పెట్టడం పరిశుద్ధత కాదు.

కంప్యూటర్ తప్పును చూపగలదే తప్ప దాన్ని క్షమించలేదు. ధర్మశాస్త్రమూ అంతే, దానివల్ల పాపమంటే ఏమిటో తెలుస్తుంది (రోమా 3:20). ఆ పాపాన్ని తన మీద వేసుకుని మనల్ని నూతనపరిచేది సిలువ మరణం పొందిన క్రీస్తే. కాబట్టి వాక్యం మన తప్పును చూపినప్పుడు బైబిలు మూసేయకుండా ఆయన పాదాల చెంత కూర్చుని మొదటి వరుస నుంచి చూసుకుందాం. పడిపోయిన సహోదరుని పక్కనా అంతే ఓర్పుతో కూర్చుందాం.